తిరిగొచ్చిన కవరు, దూరపు ఠాణా

ప్రశ్న: మా తమ్ముడు అండమాన్‌లో, శ్రీవిజయపురం (పాత పోర్ట్‌బ్లెయిర్) కొత్త కాలనీలో ఉంటడు. మేం పంపిన స్పీడ్‌పోస్టు రెండుసార్లు తిరిగొచ్చింది. పైగా అతని ఫోను దొంగలెత్తుకెళ్లిన్రు, ఠాణానేమో దూరం. ఏం చేయాలె?
– ఒక అక్క, దేవరకొండ

జవాబు: తిరిగొచ్చిన కవరు మీద పోస్ట్‌మ్యాన్ రాసిన కారణం ముందు చూడండమ్మా. ‘చిరునామా చాలదు’ అని ఉంటే ఇంటి యజమాని పేరు, దగ్గరి గుర్తు, తమ్ముడి మొబైల్ నంబరు చేర్చండి. అండమాన్ పిన్‌కోడ్ 744తో మొదలవుతుంది. 7ను 1లా గీస్తే 744101 కాస్తా 144101 అయి, కవరు పంజాబు బాట పడుతుంది.

దొంగతనం ఫిర్యాదు ఏ ఠాణాలోనైనా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి, అది మరవొద్దు. ఆ ఫిర్యాదు నకలుతో సీఈఐఆర్ అనే, పోయిన ఫోన్లను పనిచేయకుండా ఆపే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో ఫోను బ్లాక్ చేయించండి.

ఇంటి నంబర్ల కోసం కాలనీ అంతా కలిసి మున్సిపాలిటీకి అర్జీ పెట్టాలి. టపాకైనా, గస్తీకైనా అవే ఆధారం.