విశాఖలో వదిలిన సైకిల్, నెదర్లాండ్స్‌లో కొన్న సైకిల్

పెదవాల్తేరు నుంచి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌కు చదువుకు రాబోతున్న ఒక అబ్బాయి రెండు ప్రశ్నలు పంపాడు. విశాఖలో వదిలి వస్తున్న గేర్ల సైకిల్‌ను రెండేళ్లపాటు ఎలా భద్రపరచాలి? ఇక్కడ కొనబోయే సైకిల్‌ను ఎలా చూసుకోవాలి? రెండింటికీ జవాబు చాలావరకు ఒకటే. తొక్కడం వల్ల పాడయ్యే సైకిళ్ల కంటే తడిసి, ఉప్పు పట్టి, పట్టించుకునేవారు లేక పాడయ్యేవే ఎక్కువ. విశాఖలో ఆ ఉప్పు సముద్రం మీద నుంచి గాలిలో వస్తుంది. ఇక్కడ చలికాలంలో రోడ్లు గడ్డకట్టకుండా మున్సిపాలిటీవాళ్లే చల్లుతారు.

ముందు ఇంటి సైకిల్ సంగతి. లాసన్స్ బే కాలనీలోనో బీచ్ రోడ్డు పక్కనో బాల్కనీ గ్రిల్స్ ఎంత త్వరగా తుప్పు పడతాయో మీరు చూసే ఉంటారు. చైనుకు ఆ గ్రిల్‌కున్న రంగు పూత కూడా ఉండదు. అందుకే సముద్రం వైపు బాల్కనీలో పెట్టకండి, లోపలి గదిలో గోడ పక్కన చోటు అడగండి. బయలుదేరే ముందు తడిగుడ్డతో సైకిలంతా తుడిచి, ఒక పూట ఆరనిచ్చి, ఆ తర్వాతే చైనుకు నూనె వేయండి. తడి మీద నూనె వేస్తే తడిని లోపల దాచిపెట్టినట్టే. ప్లాస్టిక్ కవరు బిగించి కట్టడం చాలామంది చేసే పని. దానివల్ల లోపల చెమ్మ నిలిచి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. పాత నూలు దుప్పటి చాలు. గాలి దిగిన టైర్ల మీద నెలల తరబడి నిలబెడితే వాటి పక్కలు పగుళ్లు తేలుతాయి. కాబట్టి నెలకోసారి గాలి కొట్టమని తమ్ముడికో చెల్లికో అప్పగించండి. ఆ అవకాశం లేకపోతే గోడకు కొక్కెం బిగించి వేలాడదీయండి. నన్నడిగితే మాత్రం, వీధిలో తొక్కే పిల్లలుంటే ఈ రెండేళ్లూ వాళ్లకే ఇచ్చి రమ్మంటాను. రోజూ తిరిగే సైకిల్‌కు ఏ చిన్న తేడా వచ్చినా తొక్కేవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

దాన్ని ఇక్కడికి తెచ్చుకోవలసిన అవసరం లేదు. డెల్ఫ్ట్ నేలంతా చదును, కైలాసగిరి లాంటి ఎత్తు ఎక్కడా ఎక్కనక్కర్లేదు. ఎదురుగాలి ఉంటుంది కానీ దానికి గేర్లు లేని సైకిలైనా సరిపోతుంది. మన పాత నల్ల సైకిళ్లకు ఉన్నట్టు చైనును పూర్తిగా మూసే కవరు ఉన్న పాత సైకిల్‌ను దుకాణంలో రసీదుతో కొనండి. రైల్వే స్టేషన్ దగ్గర ఎవరో చవగ్గా ఇస్తామంటే తీసుకోకండి. అది దొంగిలించినది అయితే కొన్న మీరు కూడా ఇబ్బందుల్లో పడతారు. ఫ్రేము మీది నంబరుతో చోరీ ఫిర్యాదు ఉందో లేదో ముందే చూసుకోవచ్చు.

చైను గురించి కాస్త వివరంగా చెప్పాలి. చైను కవరు ఉంటే ముందు దాన్ని తెరవండి. పాత బనీను గుడ్డతో చైను కింది వరుసను పట్టుకుని పెడల్ తిప్పుతూ పోతే నల్లటి మడ్డి గుడ్డకు వస్తుంది. మన దగ్గర పెడల్‌ను వెనక్కి తిప్పుతాం. ఇక్కడి మామూలు సైకిళ్లలో చాలావాటికి వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. అందుకని వెనక చక్రాన్ని పైకెత్తి, పెడల్‌ను నెమ్మదిగా ముందుకు తిప్పాలి. వేళ్లు మాత్రం పళ్ల చక్రాలకు దూరంగా ఉండాలి. మడ్డి పోయాక చైను లింకుల మధ్య తిరిగే చిన్న గుండ్రటి రోలర్లలో ఒక్కోదాని మీద ఒక్కో చుక్క నూనె వేసి, పావుగంట ఆగి, పైన మిగిలినదాన్ని శుభ్రంగా తుడిచేయండి. నూనె పని రోలరు లోపలే. పైన నిలిచిన నూనె ఇసుకను పట్టి ఉంచుతుంది, ఆ ఇసుకే చైనును అరగదీస్తుంది. సైకిల్ చైను కోసం అమ్మే నూనే వాడండి. వంటనూనెలు జిగురు కడతాయి, కొబ్బరినూనె ఇక్కడి చలికి గడ్డకడుతుంది. ఇంట్లో చేసినట్టు కిరోసిన్‌తో కడగడం మూసిన ఫ్లాట్లో ప్రమాదం. రిమ్ములకు, డిస్కు బ్రేకులకు ఒక్క చుక్క కూడా తగలనివ్వకండి.

గేర్ల సైకిలైతే అప్పుడప్పుడు స్కేలు పెట్టి చైను సాగిందేమో చూడండి. కొత్త చైనులో లింకులను కలిపే ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెడితే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అది అంగుళంలో 16వ వంతు దాటి జరిగిందంటే చైను మార్చాలి. 8వ వంతు దాకా వదిలేస్తే వెనక పళ్ల చక్రాల ఖర్చు కూడా తోడవుతుంది.

గాలి విషయంలో మీకు కొత్తేమీ లేదు. ఇక్కడి మామూలు సైకిళ్లకు మన ఊరి సైకిళ్ల లాంటి వాల్వే ఎక్కువగా ఉంటుంది. ఎంత గాలి కొట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. బార్, పీఎస్ఐ రెండూ గాలి ఒత్తిడి కొలతలే, 1 బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ. పంక్చర్ వేసుకోవడం మాత్రం వచ్చేలోపే నేర్చుకోండి, ఇక్కడ కూలి ఎక్కువ. మీ వీధి చివర సైకిల్ షాపు ఆయన పక్కన ఒక సాయంత్రం కూర్చుంటే చాలు. ప్యాచ్ అంటించాక, ట్యూబు ఎక్కించే ముందు ఆయన టైరు లోపల వేళ్లతో ఎలా తడుముతాడో చూడండి. గుచ్చుకున్న ముల్లు అక్కడే ఉండిపోతే ట్యూబు మళ్లీ చిల్లు పడుతుంది.

చలికాలంలో ఉప్పు చల్లిన రోడ్డు మీద తొక్కి వస్తే ఆ రాత్రే తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవండి. చలి నుంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన సైకిల్ మీద నీటి తేమ పడుతుంది, దాన్నీ తుడవాలి. మెట్ల దారిలో పెట్టకండి, మంట లేస్తే జనం బయటపడే దారి అదే. చాలా భవనాల్లో అందుకు అనుమతి ఉండదు. కింద సైకిళ్ల గది ఉంటే అక్కడ కూడా తాళం వేయాలి. చక్రానికుండే తాళం ఒక్కటే చాలదు, గట్టి గొలుసుతో కదలని కమ్మీకి కట్టండి. తాళం గడ్డకడితే వేడినీళ్లు పోయకండి, ఆ నీళ్లే మళ్లీ గడ్డకడతాయి. తాళాల కోసం అమ్మే స్ప్రే వాడండి. చీకటి పడ్డాక ముందు తెల్ల దీపం లేదా పసుపు దీపం, వెనక ఎర్ర దీపం తప్పనిసరి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది కాబట్టి క్లాసుకు వెళ్లే సంచిలో ఒక జత దీపాలు ఎప్పుడూ ఉంచుకోండి.