గర్భిణి పన్నుకు మత్తు సూది వేయించుకోవచ్చా? నా అనుభవం

ఐదో నెల నడుస్తోందని, కింది దవడ పన్ను నొప్పితో కంటి మీద కునుకు లేదని, మత్తు ఇంజెక్షన్ బిడ్డకు చేటు చేస్తుందేమోనని ఇంట్లోవాళ్ళు కాన్పు వరకు ఓర్చుకోమంటున్నారని మీరు రాశారు. నేనూ ఐదో నెలలోనే, ఈ విశాఖపట్నంలోనే, దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: ఆగకండి.

నా పన్ను మూడో నెలలోనే జివ్వుమనడం మొదలుపెట్టింది. వేవిళ్ళతో రోజంతా నోరు పుల్లగా ఉండేది, వాంతి అయిన మరుక్షణమే బ్రష్ పట్టుకునేదాన్ని. కడుపులోని ఆమ్లానికి మెత్తబడిన పంటిని అలా తోమితే మరింత అరుగుతుందని, గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి కాసేపు ఆగాలని నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఐదో నెల వచ్చేసరికి చెంప ఉబ్బింది. మా అత్తయ్యగారు పంటి కింద లవంగం పెట్టించారు, మూడు రోజులు గంజితోనే గడిపాను.

నాలుగో రోజు రాత్రి మా వారు వీధి చివరి మందుల షాపుకు వెళ్ళి పన్ను నొప్పి అనగానే, అక్కడి కుర్రాడు ఎవరికని కూడా అడగకుండా ఐబూప్రోఫెన్, పారాసిటమాల్ కలిసిన మాత్రలు నాలుగు కత్తిరించి ఇచ్చాడు. సూది మాటెత్తితేనే హడలిపోయే అత్తయ్యగారు ఆ మాత్రకు గోరువెచ్చని నీళ్ళు స్వయంగా తెచ్చి ఇచ్చారు. గర్భం 20 వారాలు దాటాక ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు బిడ్డ మూత్రపిండాలపై ప్రభావం చూపి ఉమ్మనీరు తగ్గేలా చేయవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. నాకప్పుడు 21వ వారం. ఆ సంగతి తెలిసిన తరువాత మిగిలిన మూడు మాత్రలూ చెత్తబుట్టలో పడ్డాయి. ఇంటిల్లిపాదీ భయపడవలసింది దేనికో నాకు ఆ రోజే అర్థమైంది.

మొదట వెళ్ళిన దంతవైద్యుడు గైనకాలజిస్టు దగ్గర నుంచి లెటర్ తెమ్మన్నారు, ఆవిడేమో డెలివరీ తరువాత చూద్దామన్నారు. ఇద్దరూ ఒక్క ఫోన్ కాల్‌లో మాట్లాడుకుంటే తేలిపోయే విషయానికి, వాచిన చెంపతో ఆ ఉక్కపోతలో మద్దిలపాలెం కూడలి మీదుగా నేను రెండుసార్లు ఆటోలో తిరిగాను. పంటి లోపల చీము పట్టి ఉంటే అది దవడకు, మెడకు పాకవచ్చునని, నాలుగు నెలలు ఆగడమే అసలు ప్రమాదమని చెప్పినవారు మూడో డాక్టరుగారు. దంతాల ఎక్స్-రే, లిడోకైన్‌తో స్థానికంగా ఇచ్చే మత్తు, పన్ను తీయడం, రూట్ కెనాల్ గర్భంలో ఏ దశలోనైనా చేయవచ్చునని అమెరికాలోని ప్రసూతి, స్త్రీ వైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2013లోనే స్పష్టం చేసిందని కూడా ఆవిడే చెప్పారు.

కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి, మెడకు కాలర్ తొడిగి, సీసపు ఏప్రాన్ కప్పి ఒక చిన్న ఎక్స్-రే తీశారు. ఆ ఏప్రాన్ తడిసిన బొంతంత బరువుంది. అది తీసేసిన రెండు నిమిషాలకు నాకు చెమటలు పట్టి, కళ్ళు తిరిగి, పైనున్న లైటు దూరంగా జరిగిపోతున్నట్టు అనిపించింది. తలుపు దగ్గర నిలబడిన అత్తయ్యగారు "చూశారా, సూది వికటించింది!" అని గాభరాగా లోపలికి వచ్చేశారు. సూది ఇంకా ట్రేలోనే ఉంది. డాక్టరుగారు తొణక్కుండా నన్ను ఎడమ వైపుకు ఒత్తిగిలించి, మడిచిన తువ్వాలు ఒకటి కుడి తుంటి కింద దోపారు, నిమిషంలో తేరుకున్నాను. వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భసంచి వెన్ను పక్కనుండే పెద్ద సిరను నొక్కేస్తుందని, గుండెకు రక్తం చేరడం తగ్గి అలా అవుతుందని చెప్పారు. ఆ తువ్వాలు సంగతి మీరు కుర్చీ ఎక్కగానే అడగండి.

ఆ తరువాత వేసిన మందు లిడోకైన్‌తో కొద్దిగా అడ్రినలిన్ కలిపినది. అడ్రినలిన్ అక్కడి రక్తనాళాలను ముడుచుకునేలా చేయడం వల్ల మత్తు ఆ పంటి దగ్గరే ఎక్కువసేపు నిలుస్తుంది, రక్తంలోకి చేరేది తగ్గుతుంది. ఒళ్ళు తెలియకుండా పడుకోబెట్టే పూర్తి మత్తు వేరు, దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టేయడం వల్లే మనవాళ్ళకు ఇంత భయం. నొప్పికి పారాసిటమాల్, చీముకు అమాక్సిసిలిన్ రాశారు. టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ బిడ్డ పళ్ళకు రంగు పట్టిస్తాయి కాబట్టి ఎవరైనా రాస్తే, మీరు గర్భిణి అని ఒకసారి గుర్తుచేయండి.

పంటికి క్యాప్ మాత్రం కాన్పయిన మూడో నెలలో వేయించుకున్నాను. బాబును ఒళ్ళో పెట్టుకుని బయట కూర్చున్న మా అత్తయ్యగారు, ఆ రోజు సూది వల్లే కోడలికి కళ్ళు తిరిగాయని పక్కావిడకు చెబుతుండడం లోపలి కుర్చీలోకి నాకు స్పష్టంగా వినిపించింది.