సమాధానం: ‘గుడ్ టైమ్స్’లో బేస్ వినపడట్లేదు

ఫోన్ స్పీకర్‌లో డిస్కో బ్యాండ్ షిక్ వాళ్ల ‘గుడ్ టైమ్స్’ (1979) పాటలో బేస్ గిటార్ పట్టుబడట్లేదన్నారు కదండీ. లోపం మీ చెవిది కాదు. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లోతుగా మోగే తీగ 41 హెర్ట్జ్, అంటే సెకనుకు 41 కంపనాలు. ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ దిగువన దాదాపు మూగే. ఇయర్‌ఫోన్స్ వాడండి, వాటి రబ్బరు చెవిలో బిగుతుగా కూర్చోవాలి. సందుంటే ముందు పోయేది బేసే.

ఈక్వలైజర్‌లో (ఏ స్థాయి శబ్దం ఎంత వినపడాలో మార్చే సెట్టింగ్) 60 హెర్ట్జ్ పెంచకండి, కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఉబ్బి బేస్‌ను మింగేస్తుంది. 800 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పెంచితే వేలు తీగ మీటే చప్పుడు తేలుతుంది.

వేగం 75 శాతానికి తగ్గించి, నాలుగు బార్లే (తాళం ఆవర్తాలే) తిప్పి తిప్పి వినండి. షిక్ బేస్ వాద్యకారుడు బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ ఒకే స్వరాన్ని మూడుసార్లు మోగించి ఆగుతాడు, ఆ తర్వాతే పరుగు. మజా అంతా ఆ ఖాళీలోనే! ఇంకా దొరక్కపోతే ఒక స్థాయి (ఆక్టేవ్) పైన కూనిరాగం తీస్తూ వెంట వెళ్లండి.