ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో వ్యూహం, ఫామ్, అంపైరింగ్: ఎటు చూస్తే అర్థమవుతుంది?

మీ ప్రశ్న ఇదీ: మెల్‌బోర్న్ వచ్చాక ఆఫీసువాళ్లతో కలిసి ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లకు వెళ్తున్నారు. గోల్‌కు 6, బిహైండ్‌కు (బంతి గోల్ స్తంభానికీ పక్కనున్న చిన్న స్తంభానికీ మధ్య నుంచి పోతే) 1 అన్న లెక్క తెలిసింది. ఆట మాత్రం 36 మంది ఒకే బంతి వెంట పరిగెత్తినట్టే ఉంది. ముప్పైసార్లు బంతి అందుకున్న ఆటగాణ్ని పక్క సీట్లవాళ్లు ఎందుకు తిడుతున్నారో, ట్యాకిల్ జరిగిన ప్రతిసారీ, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టేసినప్పుడల్లా, స్టేడియం మొత్తం "బాల్!" అని ఎందుకు అరుస్తోందో అంతుపట్టడం లేదు.

మూడింటికీ మందు ఒకటే. బంతి మీంచి చూపు తీసి, బంతి లేనివాళ్లను చూడండి. కబడ్డీ తెలిసినవాళ్లు రైడర్ ముఖం చూడరు, కార్నర్‌లో నిలబడ్డవాడి కాళ్లు చూస్తారు కదా, అదే అలవాటు ఇక్కడా పనికొస్తుంది. టీవీలో ఇది నేర్చుకోవడం కష్టం, కెమెరా బంతిని వదలదు. ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్, 2024 డిసెంబరులో మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 114 కొట్టిన మైదానమే) టికెట్ కొంటుంటే అందరూ మైదానం నడిమి పక్కన కింది వరుసల కోసం ఎగబడతారు. మీరు గోల్ స్తంభాల వెనక పై అంతస్తులో తీసుకోండి. కోచ్‌లు మ్యాచ్ తర్వాత ముందేసుకుని కూర్చునే వీడియో కూడా ఆ వైపు నుంచి తీసిందే.

ముందు వ్యూహం. ఈ ఆటలో ఆఫ్‌సైడ్ లేదు. ఎవరు ఎక్కడైనా నిలబడొచ్చు. ఒక్కచోట మాత్రం కట్టుబాటు ఉంది: క్వార్టర్ మొదట్లో, ప్రతి గోల్ తర్వాత మధ్య వృత్తంలో ఆట మొదలయ్యేటప్పుడు, 2019 నుంచి 6-6-6 నిబంధన. రెండు చివర్ల, గోల్‌కు 50 మీటర్ల దూరంలో గీసిన వంపుల్లో ఒక్కో జట్టువాళ్లు ఆరుగురేసి, మధ్యలో ఆరుగురు ఉండాలి. తప్పితే ఎదుటి జట్టుకు ఫ్రీ కిక్. అందుకే మధ్యలో ఎవరైనా బంతిని లాక్కుని ఒక్క పొడవాటి కిక్ కొట్టగలిగితే, అవతల ఫార్వర్డ్‌లు డిఫెండర్లతో ఒకరికొకరుగా దొరుకుతారు. వరసగా మూడు గోల్స్ పడి మ్యాచ్ తలకిందులయ్యే సందర్భాల్లో చాలావరకు ఇక్కడ పుట్టినవే. ఆ క్షణంలో రక్‌మన్‌ల (అంపైర్ పైకి లేపిన బంతిని ఎగిరి తనవాళ్లకు తట్టే పొడగరుల) ఎగురుడు చూడకండి. మిడ్‌ఫీల్డర్లలో తన గోల్ వైపు నిలబడి కాపు కాస్తున్నవాడు ఒక్కడైనా ఉన్నాడో లేడో చూడండి. ముగ్గురూ బంతి కోసం దూకితే, అది అవతలివాడి చేతికి చిక్కగానే ముందున్న దారంతా ఖాళీ. రక్‌మన్ హిట్‌అవుట్లు, అంటే ఆ తట్టుళ్లు, ఎన్ని గెలిచాడన్నది ఇందుకే పెద్ద లెక్కలోది కాదు. తట్టిన బంతి తనవాడి పరుగుకు అందిందా లేదా అన్నదే లెక్క.

గోల్స్‌లో ఎక్కువ భాగం మాత్రం టర్నోవర్ల నుంచి వస్తాయి, అంటే ఎదుటివాళ్ల చేతిలో ఉన్న బంతిని మధ్యలో లాక్కోవడం వల్ల. దీన్ని చదవడానికి మంచి తరుణం, ఒక జట్టు బిహైండ్ కొట్టగానే అవతలి జట్టు తన గోల్ ముందు నుంచి బంతిని బయటికి కొట్టే కిక్-ఇన్. ఆ రెండు మూడు సెకన్లలో బిహైండ్ కొట్టిన జట్టు వలలా వరసలు పరుచుకుంటుంది. ఇప్పుడు కొట్టేవాడి ముందు మూడు దారులు. మొదటిది, పక్కనున్న పాకెట్‌లోకి (గోల్ పక్కన బౌండరీ దగ్గరి మూలలోకి) చిన్న కిక్, ఆ తర్వాత బౌండరీ గీత వెంబడి పొడవాటి కిక్. చూడ్డానికి విసుగ్గా ఉంటుంది గానీ క్షేమం, పట్టుకోలేకపోయినా బంతి బయటికి పోతుంది. రెండోది స్విచ్, అంటే ఒక పక్క నుంచి అవతలి పక్కకు తిప్పడం. ఈ కిక్ చదునుగా, వడిగా పోవాలి. గాల్లో తేలితే వల మొత్తం అటు జరిగిపోతుంది, పట్టినవాడు ఊపిరాడకుండా చిక్కుకుంటాడు. మూడోది కారిడార్, మైదానం నడిమి దారి. గోల్‌కు అదే దగ్గర దారి. అక్కడ బంతి పోతే మాత్రం ఎదుటివాడికి కూడా అదే దగ్గర దారి అవుతుంది, పైగా మీ డిఫెండర్లు అప్పటికే బంతి కోసం రెక్కలు చాచి దూరంగా పరిగెత్తి ఉంటారు. ఓడిపోతున్న జట్టు చివరి క్వార్టర్‌లో కారిడార్‌లోకి దిగిందంటే అది పిచ్చి కాదు, లెక్క చూసుకుని చేసే సాహసం.

ఫార్వర్డ్‌ల సంగతికి 2017 గ్రాండ్ ఫైనల్ చూడండి, పూర్తి మ్యాచ్ దొరుకుతుంది. ఆ ఏడాది లీగ్ పట్టికలో పైన నిలిచిన అడిలైడ్‌ను రిచ్‌మండ్ 108-60తో చిత్తు చేసింది. 1980 తర్వాత వాళ్లకదే తొలి టైటిల్. కోచ్ డేమియన్ హార్డ్‌విక్ ముందు భాగంలో పొడగరి అంటూ ప్రధానంగా జాక్ రీవోల్ట్ ఒక్కణ్నే పెట్టుకుని, చుట్టూ పొట్టి, వడిగల కుర్రాళ్లను మోహరించాడు. రీవోల్ట్ పని ప్రతి బంతినీ పట్టడం కాదు, ఎదుటి డిఫెండర్‌ను పట్టనివ్వకుండా బంతిని నేలకు దించడం. దిగిన బంతికి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో చిన్నవాళ్లు సిద్ధంగా ఉండాలి. దాని వెనకాలే వచ్చి మీదపడే ఒత్తిడి రిచ్‌మండ్ అసలు ఆయుధం. ఇదే పథకాన్ని అరువు తెచ్చుకున్న జట్లు విఫలమయ్యేది ఒకేచోట: పొడవాటివాళ్లు ముగ్గురూ ఒకే బంతికి ఎగురుతారు, కింద ఏరుకోవడానికి ఎవరూ ఉండరు.

ఇక ఫామ్. డిస్పోజల్స్ సంఖ్య, అంటే కిక్‌లు, హ్యాండ్‌బాల్‌లు (బంతిని పిడికిలితో కొట్టి అందించడం) కలిపిన లెక్క, ఒక్కదాన్నే చూసి ఎవరినీ మెచ్చుకోవద్దు, తిట్టొద్దు. వెనక హాఫ్-బ్యాక్‌లో ఒంటరిగా నిలబడి అటూ ఇటూ పంచే ముప్పైకీ, గుంపులో దెబ్బలు తింటూ తవ్వి తీసే ఇరవైకీ పోలికే లేదు. కంటెస్టెడ్ పొసెషన్స్ (ఎదుటివాళ్లతో పోరాడి గెలుచుకున్న బంతులు) ఎన్ని, ముందుకు తీసుకెళ్లిన మీటర్లు ఎన్ని, స్కోరుతో ముగిసిన ఎత్తుగడల్లో ఎన్నింట్లో చెయ్యి ఉంది, టర్నోవర్లు ఎన్ని ఇచ్చాడు అన్న నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. మిడ్‌ఫీల్డర్ అయితే మధ్య వృత్తంలో ఆట మొదలైన సందర్భాల్లో ఎన్నింటికి అక్కడ ఉన్నాడో కూడా చూడాలి. అది ఒక్కసారిగా సగానికి పడిపోయిందంటే ఫామ్ పోయిందని కాదు, కోచ్ పని మార్చాడని అర్థం. ఎంతసేపు మైదానంలో ఉన్నాడన్నదీ చెప్పుకోదగ్గదే. మిడ్‌ఫీల్డర్లకు 80 శాతం చుట్టుపక్కల మామూలు, వెనక ఉండే పొడవాటి డిఫెండర్లు 90 దాటుతారు. గాయం నుంచి తిరిగొచ్చినవాడు 65 దగ్గర ఉంటే ఇంకా కాపాడుకుంటున్నారన్నమాట. 2021లో మ్యాచ్‌కు ఆటగాళ్ల మార్పిడుల పరిమితిని 90 నుంచి 75కి తగ్గించాక అలసట మరీ బయటపడుతోంది. క్వార్టర్ చివరి ఐదు నిమిషాల్లో ఎవరి పరుగు చచ్చిపోతోందో గమనించండి.

ట్యాగింగ్‌ను, అంటే ఒకణ్ని కట్టడి చేయడానికే ఎదుటి జట్టు ఒక ఆటగాణ్ని అంటగట్టడాన్ని, లెక్కలోకి తీసుకోకుండా తీర్పు చెప్పడం మాత్రం అన్యాయం. 2023లో 21వ రౌండ్‌లో కాలింగ్‌వుడ్ ఆటగాడు నిక్ డేకస్‌ను హాథార్న్‌కు చెందిన ఫిన్ మగినెస్ నీడలా అంటిపెట్టుకున్నాడు. మామూలుగా ముప్పై దాటేవాడికి ఐదే డిస్పోజల్స్ వచ్చాయి. మోకాలి దెబ్బ కూడా ఆ మ్యాచ్‌లోదే. ఒక్క స్కోర్‌కార్డు చూసి అతని పని అయిపోయిందన్నవాళ్లు ఈ రెండూ చూడలేదు. నా మటుకు నాలుగైదు మ్యాచ్‌లు, ఒకే స్థానంలో ఆడినవి, చూడకుండా ఎవరి ఫామ్ గురించీ మాట్లాడకూడదు.

గోల్ కొట్టేవాళ్లకు కొలత వేరు. గోల్స్ ఎన్ని అని కాదు, కొట్టే అవకాశాలు ఎన్ని తెచ్చుకున్నాడు అని అడగాలి. అవకాశాలు వస్తూ గురి తప్పుతుంటే అది బాగుచేయదగ్గ జబ్బు. సెట్ షాట్‌కు, అంటే మార్క్ (గాల్లో పట్టిన కిక్) లేదా ఫ్రీ కిక్ తర్వాత తాపీగా కొట్టే షాట్‌కు, 30 సెకన్లుంటాయి. తప్పేవాడిలో ఎక్కువగా కనిపించే లోపం పాదంలో ఉండదు, బంతిని జారవిడిచే చేతిలో ఉంటుంది. బంతి చేతిలోంచి వంకరగా లేదా మరీ పైనుంచి పడితే ఎంత మంచి కాలైనా సరిచేయలేదు. అయితే గురి తప్పినా గెలవొచ్చు. 2023 గ్రాండ్ ఫైనల్‌లో బ్రిస్బేన్ 13 గోల్స్, 8 బిహైండ్‌లతో 86 చేసింది. కాలింగ్‌వుడ్ 12 గోల్సే కొట్టి, 18 బిహైండ్‌లతో 90 చేసి టైటిల్ ఎత్తుకుపోయింది.

అంపైరింగ్‌కు వద్దాం, మీ పక్క సీట్లవాళ్ల గొంతు పోయేది ఇక్కడే. 2023 నుంచి మైదానంలో నలుగురు ఫీల్డ్ అంపైర్లు ఉంటున్నారు, అంతకుముందు ముగ్గురు. "బాల్!" అన్న అరుపు హోల్డింగ్ ద బాల్ ఫ్రీ కిక్ కోసం. అంపైర్ వేసుకునే ప్రశ్నలు ఇవీ. ట్యాకిల్ సక్రమమైనదేనా, అంటే భుజాలకు కింద, మోకాళ్లకు పైన, వీపు మీదికి తోయకుండా పట్టాడా? పట్టకముందు బంతి ఉన్నవాడికి దాన్ని వదిలించుకునే అవకాశం దొరికిందా? పక్కకు తప్పుకోబోయినా, చేత్తో తోసేసి పోబోయినా అవకాశం దొరికినట్టే. దొరికి ఉంటే వెంటనే సరిగ్గా కిక్ లేదా హ్యాండ్‌బాల్ చేసి తీరాలి, లేదంటే ఫ్రీ కిక్. దొరకకపోతే నిజాయితీగా ప్రయత్నిస్తే చాలు. బంతి ఒంటికి నొక్కుకుపోతే బాల్-అప్ (అంపైర్ బంతిని పైకి లేపి ఆట మళ్లీ మొదలెట్టడం), ట్యాకిల్ ధాటికి జారిపోతే ఆట సాగుతుంది. బంతి మీద పడుకున్నవాడికి, కిందికి లాక్కున్నవాడికి ఈ దయ లేదు. కాబట్టి తీర్పు ట్యాకిల్‌లో లేదు, అంతకు ముందు సెకనులో ఉంది. గుంపు చూసేది ట్యాకిల్‌నే, అందుకే అంత రగడ. ఆటగాణ్ని పట్టుకుని తిప్పేస్తుంటే ఎంతసేపు ఆగాలన్న దాన్ని 2024 మే నెలలో కుదించారు. సీజన్ నడుస్తుండగా కొలత మార్చడం నాకు నచ్చలేదు, మార్పు మంచిదే అయినా దాన్ని సీజన్ మొదట్లో చేయాలి. మెడ పట్టు (భుజాలకు పైన పట్టడం, మామూలుగా ఫ్రీ కిక్) విషయం కూడా అంతే: 2022 సీజన్ మధ్యలో, భుజం ఎగరేసి లేదా తల వంచి తానే మెడ పట్టు తెచ్చుకున్నవాడికి ఫ్రీ కిక్ లేదని తేల్చారు. ఆ తీర్పు మాత్రం న్యాయం, తలలు కాపాడుకోవడానికి అది అవసరం.

"స్టాండ్!" అని అంపైర్ అరవడం కూడా వినే ఉంటారు. 2021 నుంచి, మార్క్ మీద (కిక్ కొట్టబోయేవాడికి ఎదురుగా అంపైర్ చూపిన చోట) నిలబడ్డవాడు అంపైర్ "ప్లే ఆన్" అనేదాకా పక్కకు కదలకూడదు. ఒక్క అడుగు జరిగితే 50 మీటర్ల జరిమానా. దూరం నుంచి ఏం జరిగిందో తెలియక జనం మండిపడే జరిమానాల్లో ఇవి చాలానే ఉంటాయి. ఫ్రీ కిక్‌లు 24-15 అని తెరమీద చూసి పక్షపాతం అనడం కూడా తొందరపాటు. బంతి దగ్గరికి ముందు చేరేవాళ్లకే ఎక్కువ ఫౌల్స్ జరుగుతాయి, వాళ్లకే ఎక్కువ ఫ్రీ కిక్‌లు వస్తాయి.

నిజంగా కోపం తెచ్చుకోవాల్సింది వేరే చోట. 2023 ఆగస్టులో అడిలైడ్ ఓవల్‌లో అడిలైడ్ ఆటగాడు బెన్ కీస్ చివరి రెండు నిమిషాల్లో కొట్టిన గోల్‌ను స్తంభానికి తగిలిందని బిహైండ్‌గా ఇచ్చారు. తగల్లేదు. మ్యాచ్ సిడ్నీ ఒక్క పాయింట్ తేడాతో గెలిచింది, అడిలైడ్ ఫైనల్స్ ఆశ అక్కడ పోయింది, తప్పు జరిగిందని లీగే ఒప్పుకుంది. స్కోరు రివ్యూ సదుపాయం చేతిలో ఉంది, కానీ ఆ క్షణంలో ఎవరూ రివ్యూ కోరలేదు. హోల్డింగ్ ద బాల్ ఒక అంచనా, దానిమీద రెండు అభిప్రాయాలుంటాయి. స్తంభానికి తగిలిందా లేదా అన్నదానిపై రెండు అభిప్రాయాలు ఉండకూడదు. సాకర్ చూసి వచ్చినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఇక్కడ బంతి గోల్ స్తంభాన్ని రాసుకుని లోపలికి పోయినా గోల్ కాదు, ఒక్క పాయింటే. బంతి మొత్తం గీత దాటాలి, దాటేలోపు డిఫెండర్ వేలి కొస తగిలినా పాయింటే.