చెయ్యి తిప్పితే ఫ్యాన్ తిరుగుతుంది సరే, ఉద్యోగం?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మావాడు ఇంటర్ పూర్తిచేశాడు. మణికట్టుకు ఏదో చిన్న బోర్డు కట్టుకుని చెయ్యి తిప్పితే హాల్లో ఫ్యాన్ తిరుగుతుంది. పగలంతా అదే పని. ఈసీఈలో (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) చేరతానంటాడు. చుట్టాలందరూ ఏఐ బ్రాంచే మేలంటున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ బెంగ బ్రాంచ్ గురించి కాదు, పిల్లాడు దారి తప్పుతున్నాడేమోనని. తప్పడం లేదు. ఏమీ అనుకోవద్దు గానీ, ‘పగలంతా అదే పని’ అని రాశారు. పగలంతా బిట్లు బట్టీపడితే మురిసిపోయేవారు కాదూ?

ఈరోజు వాడి పక్కన కూర్చుని ఒక్కటి అడగండి: ‘తల గోక్కున్నా ఫ్యాన్ తిరుగుతుందా?’ ఈ పనిలో కష్టమంతా అక్కడే. ఆ బోర్డులో ఉండే సెన్సర్లలో యాక్సిలరోమీటర్ భూమ్యాకర్షణను బట్టి చెయ్యి వంపు చెబుతుంది గానీ, చెయ్యి విసిరితే తికమకపడుతుంది. గైరోస్కోప్ తిరుగుడు పట్టేస్తుంది గానీ, దాని చిన్న చిన్న తప్పులు పోగై కాసేపటికి లెక్క పక్కకు జరుగుతుంది. రెండింటినీ కలిపి సర్దాలి. ఆ తర్వాతే, ఏ కదలిక ఏమిటో గుర్తుపట్టే ఏఐ మోడల్. మీవాడు దీని మీద పది నిమిషాలు మాట్లాడగలిగితే ఇక టెన్షన్ పడకండి.

అలాగని ఈ చేతి సైగల పనొక్కదాన్నే నమ్ముకోమనను. చేతి కదలికలు, కండరాల సంకేతాలు పట్టే ‘మయో’ పట్టీని కెనడా కంపెనీ థాల్మిక్ ల్యాబ్స్ ఎంతో హడావుడిగా తెచ్చి, 2018లో ఆపేసింది. యాపిల్ మాత్రం 2023లో వేళ్లు రెండుసార్లు తాకిస్తే ఫోనెత్తే సదుపాయాన్ని వాచీలో పెట్టింది. వస్తువులు వస్తాయి, పోతాయి. సెన్సర్, ఫర్మ్‌వేర్ (పరికరం లోపల చిప్‌ను నడిపే ప్రోగ్రాం) పని తెలిసినవాడికి బండి మీటర్లలోనూ వైద్య పరికరాల్లోనూ అదే పని దొరుకుతుంది.

ఏఐ బ్రాంచ్ మీద నాకు అనుమానాలున్నాయి. చాలాచోట్ల పాత సీఎస్‌ఈకే (కంప్యూటర్ సైన్స్) కొత్త బోర్డు తగిలించారు. మోడల్ ట్రైనింగ్ ఇంట్లో లాప్‌టాప్ మీదైనా నేర్చుకోవచ్చు, సిగ్నల్స్, మైక్రోకంట్రోలర్లకు (పరికరాలను నడిపే చిన్న చిప్‌లు) ల్యాబ్, చెప్పేవాళ్లు కావాలి. అందుకే మీవాడికి ఈసీఈ. అనంతపురం, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీల్లో వస్తే ఆలోచించక్కర్లేదు. రాకపోతే, చేర్చే ముందు ఆ కాలేజీలో ల్యాబ్ తలుపు తీయించండి. బల్లల మీద సోల్డరింగ్ కాలిన మరకలుండాలి. దుమ్ముంటే వెనక్కి వచ్చేయండి.

ఇంకొకటి. ఆ ఫ్యాన్‌కు పెట్టిన రిలే అనే స్విచ్‌లో 230 వోల్టుల కరెంటుంది. వైర్లు బయటికి వేలాడుతుంటే ముందు దానికో ప్లాస్టిక్ డబ్బా బిగించమనండి.