బీజగణితం చెప్పబోతున్న మా చెల్లి కూతురికి

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, పర్లాకిమిడి ఇంటి వసారాలో ఆరు, ఏడు క్లాసుల పిల్లలకి ట్యూషన్ పెడుతున్నావనీ, అదీ బీజగణితంతోనే మొదలనీ చెప్పింది. చాలాసేపు నిద్ర పట్టలేదు. నా తర్వాత మన ఇంట్లో లెక్కలు చెప్పబోయేది నువ్వేనని ఎంత పొంగిపోయానో అంత భయమూ వేసింది. లెక్కలంటే పిల్లలకి భయం పట్టుకునేది ఎక్కువగా ఈ పాఠం దగ్గరే. గుణుపురంలో నా సర్వీసంతా చూసింది అదే.

పైపై సంగతులు నీకు తెలిసినవే. పదిమందికి మించి చేర్చుకోకు, ఫీజు సంగతి మొదటిరోజే పెద్దవాళ్ళతో మాట్లాడెయ్, బోర్డు కాస్త పెద్దది కొను. ఆడపిల్లల్ని మాత్రం చీకటి పడకముందే ఇళ్ళకి పంపించెయ్యాలి, లెక్క సగంలో ఉన్నా సరే. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

ఇక అసలు సంగతి. ‘మ అంటే మామిడిపండు, అ అంటే అరటిపండు’ అని పొరపాటున కూడా చెప్పకు. చాలామంది అలాగే చెప్తారు, సులువుగా ఎక్కుతుందని. నా క్లాసుకి రాకముందు ఒక మేష్టారి దగ్గర అలా నేర్చుకున్న గుంటడొకడు ఉండేవాడు. నాన్నకి కిరాణా కొట్టు, వీడు కాగితం ముట్టకుండా చిల్లర లెక్క చెప్పేసేవాడు. మూడు మామిడిపళ్ళకి రెండు కలిపితే ఐదు, కాబట్టి 3మ + 2మ = 5మ అని ఆయన చెప్తే టక్కున పట్టేశాడు. కొన్నాళ్ళకి బోర్డు మీద మ × మ వచ్చింది. వీడు లేచి, ‘మామిడిపండుని మామిడిపండుతో గుణిస్తే ఏటొస్తాది మేష్టారూ?’ అని అడిగాడట. క్లాసంతా నవ్వింది, ఆయన చెవి మెలేసి కూర్చోబెట్టారు. ఎంత చక్కటి ప్రశ్న అది! ఆ క్లాసు మొత్తంలో ఆలోచించినవాడు వాడొక్కడే. నా దగ్గరికి వచ్చేసరికి నోరు విప్పడమే మానేశాడు. మూడు పళ్ళు అరవై రూపాయలైతే ఒకటి ఎంత అని నోటితో అడిగితే ఇరవై అనేవాడు, అదే 3మ = 60 అని రాస్తే బిగుసుకుపోయేవాడు. మూడు మామిడిపళ్ళు అరవై ఎలా అవుతాయన్నది వాడి బాధ. నిజమే కదా, అరవై అయ్యేది పళ్ళు కాదు, వాటి ధర. ఆ మాట వాడికి నమ్మకంగా ఎక్కడానికి ఏడాది పట్టింది. ఇప్పటికీ తలుచుకుంటే ఆ మేష్టారి మీద కోపం వస్తుంది నాకు.

అక్షరం వస్తువు కాదమ్మా, సంఖ్య. పండు ధర కావచ్చు, బరువు కావచ్చు, ఎన్ని పళ్ళన్న లెక్క కావచ్చు, ఏదైనా సంఖ్యే. 1150లో భాస్కరాచార్యుడు తెలియని రాశులకి యావత్తావత్, కాలక, నీలక, పీతక అన్న పేర్లు వాడి యా, కా, నీ, పీ అని మొదటి అక్షరాలు రాశాడు. మొదటిది వదిలేస్తే మిగతావి రంగులే, కొనే సరుకుకీ ఆ రంగుకీ ఏ సంబంధమూ లేదు, అందుకే తికమక లేదు. నువ్వూ ముందు ఖాళీ డబ్బా గీసి సంఖ్య కనుక్కోమను, తర్వాత డబ్బా బదులు ‘నీ’, ‘పీ’ అక్షరాలు పెట్టు, అవి అలవాటయ్యాకే ఎక్స్. ఎక్స్, వై, జెడ్ వాడకం 1637లో అచ్చయిన ఫ్రాన్సు గణితజ్ఞుడు డెకార్ట్ పుస్తకంతో స్థిరపడింది, మన పిల్లలకి నాలుగు రోజులు ఆలస్యమైతే కొంప మునగదు.

3నీ + 2 ఎంత అంటే 5నీ అని రాస్తారు, అందరూ రాస్తారు. కసురుకోకు. ‘నీ’ అక్షరం బదులు 10 పెట్టి చూడమను. ఒకవైపు 32, ఇంకోవైపు 50, తప్పు వాళ్ళకే కనబడుతుంది. 1 మాత్రం పెట్టించకు, రెండు వైపులా 5 వచ్చి తప్పు దాక్కుంటుంది.

సమానం గుర్తు సంగతి కూడా చూసుకో. 8 + 4 = ఖాళీ + 5 అని రాసి ఖాళీ నింపమను, సగం మంది 12 పెడతారు. ఆ గుర్తంటే ‘ఇక్కడ జవాబు రాయాలి’ అనుకుంటున్నారన్నమాట. సంతలో త్రాసు చూపించి, రెండు తట్టలూ ఒకే ఎత్తులో ఉండాలంటే ఇటు తీసినంతా అటూ తీయాలని చెప్పు. 7 ఎందుకో వాళ్ళ నోటితోనే రావాలి. అది రాకుండా ‘అటు పంపితే గుర్తు మారుతుంది’ అన్న చిట్కా నేర్పావని తెలిస్తే నేనే బస్సెక్కి వస్తాను.

మాటల విషయం. నీ దగ్గరికొచ్చే పిల్లలు ఇంట్లో తెలుగు, మనది ఒడిశా కాబట్టి బడిలో ఒడియా, కొండ మీంచి వచ్చేవాళ్ళు సవర. అక్షరాన్ని నువ్వు చరరాశి అనీ, దాని ముందున్న సంఖ్యని గుణకం అనీ అంటావు, వాళ్ళ పుస్తకంలో చళరాశి, సహగ. పరీక్ష రాసేది ఒడియాలో కాబట్టి ఆ మాటలు రావాల్సిందే, కానీ ముందు సంగతి అర్థమవ్వాలి, అదీ పిల్ల ఏ భాషలో ఆలోచిస్తుందో ఆ భాషలో. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని బళ్ళు పెట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పనిచేసింది మీ ఊళ్ళోనే, ఆ ఊరి పిల్లవి నువ్వు. సవర రాకపోతే వచ్చిన పిల్లనే అడిగి నాలుగు మాటలు నేర్చుకో, అడగడానికి మొహమాటపడకు.

నీకు ఓపిక తక్కువ, అది నాకు తెలుసు. చిన్నప్పుడు భిన్నాలు రాలేదని పలక విసిరేశావు, అన్నం తినకుండా పడుకుంటే నేనే లేపి తినిపించాను. అలా అలిగే పిల్ల నీకూ ఒకతి తగులుతుంది, దాన్ని బాగా చూసుకో తల్లీ.

మొదటి వారం పిల్లలు అడిగిన ప్రశ్నలు ఒక్కటీ వదలకుండా నోట్సులో రాసి వాట్సాప్‌లో పంపు. ఫీజు కట్టలేనివాళ్ళు ఉంటే వాళ్ళ పేర్లు కూడా రాయి, నేను చూసుకుంటాను.

నీ పెద్దమ్మ