ఎర్రగా ఉన్నదల్లా రక్తం కాదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రక్తహీనత గురించే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోని 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. ఆరు నెలలు దాటిన ఐదేళ్లలోపు పిల్లల్లోనైతే అది 70 శాతం. అందుకే మొదటి జవాబు కాస్త పొడుగైంది.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హిమోగ్లోబిన్ 9.4 ఉందని బస్తీ దవాఖానాలో ఐరన్ మాత్రలు ఇచ్చారు. రెండు నెలలుగా రోజూ టిఫిన్ అయ్యాక వేసుకుంటున్నాను. రోజూ బీట్‌రూట్ రసం తాగుతున్నాను, నాలుగు ఖర్జూరాలు తింటున్నాను, వారానికి మూడుసార్లు తోటకూర పప్పు చేసుకుంటున్నాను. అయినా మొన్న పరీక్షలో 9.6 దగ్గరే ఉంది. పొరపాటు ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ముందు మీరు రాయని సంగతి ఒకటి. టిఫిన్ తర్వాత చాయ్ తాగుతారా? తాగితే సగం పొరపాటు అక్కడే దొరికింది. చాయ్‌లోని వగరు పదార్థాలు పేగులో ఇనుమును పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. ఇడ్లీ, మాత్ర, చాయ్ అన్నీ ఒకే అరగంటలో లోపలికి పోతే మాత్రలో చాలా వంతు వృథా అవుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాలు కూడా భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దన్నాయి. చాయ్ మానెయ్యమని మేం అనడం లేదు. హైదరాబాదులో ఆ మాట ఎవరూ వినరు కూడా. పదకొండింటికి ఒకటి, సాయంత్రం నాలుగున్నరకు ఒకటి తాగండి. తిండికీ మాత్రకూ మాత్రం దూరంగా ఉంచండి.

ఇక బీట్‌రూట్. రంగు చూసి రక్తం అనుకోవడం మనకు అలవాటు. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు, దానిమ్మ గింజల్లో అంతకంటే తక్కువ. మీ వయసు ఆడవాళ్లకు రోజుకు 29 మి.గ్రా. కావాలి. నాలుగు ఖర్జూరాలు కలిపినా ఒకటిన్నర మి.గ్రా. దాటదు. పది గ్రాముల బెల్లం ముక్కలో అర మి.గ్రా. కూడా ఉండదు. ఇవి చెడ్డవి కావు, తినండి. కానీ వీటిని నమ్ముకుని పప్పు, ఆకుకూర, మాంసం తగ్గించుకుంటే నష్టం మీకే.

తోటకూర మంచి ఎంపిక. 100 గ్రాముల్లో నాలుగైదు మి.గ్రా. ఇనుము ఉంటుంది. చిక్కేమిటంటే ఆకుకూరల్లో, పప్పుల్లో, ధాన్యాల్లో ఉన్న ఇనుములో పదో వంతు కూడా ఒంటబట్టదు. దాన్ని పెంచే సులువైన మార్గం నిమ్మకాయ. పప్పు దించాక, గిన్నెలో కాదు, కంచంలో అరచెక్క పిండుకోండి. ఉడుకుతున్నప్పుడు పిండితే విటమిన్ సి వేడికి చాలావరకు పోతుంది. జామకాయ ముక్కలైనా, పచ్చి ఉసిరికాయైనా అదే పని చేస్తాయి. శనగలు, పెసలు ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మొలకలొచ్చాక వండితే ఇనుమును అడ్డుకునే ఫైటేట్లు తగ్గుతాయి. ఇడ్లీ, దోసె పిండి పులిసినప్పుడు జరిగేదీ అదే.

మాంసాహారులైతే వారానికి ఒకసారి మేక కార్జం 75–100 గ్రాములు చాలు. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లో దాని కంటే రెండు మూడింతలు సులువుగా పడుతుంది. గర్భిణులు మాత్రం కార్జం మానుకోవాలి. అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ, బిడ్డకు మంచిది కాదు.

మాత్ర వేళ మార్చండి. రాత్రి భోజనమైన రెండు గంటలకు, ఒక గ్లాసు నిమ్మరసం నీళ్లతో వేసుకోండి. వికారంగా ఉంటే తిన్న వెంటనే వేసుకోవచ్చు. కొంచెం తక్కువ పట్టినా, మానేయడం కంటే నయం. పాలతో వద్దు. కాల్షియం మాత్ర ఉంటే దాన్ని ఉదయానికి మార్చండి, రెండూ కలిపి మింగితే ఒకదానికొకటి అడ్డు. చాలామంది నెలల తరబడి పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర కూడా కడుపులో ఆమ్లం తగ్గించి ఇనుము పట్టనివ్వదు. ఆ మాత్ర ఇంకా అవసరమా అని డాక్టరును అడగండి. విరేచనం నల్లగా వస్తే కంగారు వద్దు, అది మాత్ర రంగే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. సరిగ్గా వేసుకుంటే నెలకు హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. రెండు నెలల్లో మీకు పెరిగింది 0.2. వేళ మార్చి ఇంకో నెల చూడండి. అప్పటికీ కదలకపోతే ఊరికే మాత్రలు పెంచుకోవద్దు, కారణం వెతకాలి. రక్త పరీక్ష కాగితంలో ఎంసీవీ అనే అంకె చూడండి, అది ఎర్ర రక్తకణాల సైజు చెబుతుంది. 80 కంటే తక్కువైతే ఇనుము లోపమో, తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చే రక్తదోషం తలసీమియా తేలికరూపమో (ట్రెయిట్) కావచ్చు. రెండో దానికి ఐరన్ మాత్రలు పని చేయవు. ఫెర్రిటిన్, హిమోగ్లోబిన్ ఎ2 పరీక్షలు ఈ రెండింటినీ విడదీస్తాయి. ఎంసీవీ 100 దాటితే బి12 లోపాన్ని అనుమానించాలి. శాకాహారుల్లో, చాలాకాలం మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగుల్లో ఇది ఎక్కువ. నెలసరిలో గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటుతున్నా గైనకాలజిస్టుకు చెప్పండి. కారే కుండలో ఎన్ని నీళ్లు పోసినా నిండదు.

హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా మూడు నెలలు మాత్రలు కొనసాగించండి. ఒంట్లో నిల్వలు నిండేది అప్పుడే. చాలామంది అంకె బాగుందని ఆపేసి ఆర్నెల్లలో మళ్లీ మొదటికొస్తారు.

ప్రశ్న: రేషన్ బియ్యంలో అక్కడక్కడా వేరే రకం గింజలు కనిపిస్తున్నాయి. కడిగితే పైకి తేలుతున్నాయి. ప్లాస్టిక్ బియ్యమని మా బస్తీలో అందరూ ఏరి పారేస్తున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, బోరబండ

జవాబు: దయచేసి ఏరెయ్యకండి. మీరు పారేస్తున్నదే ఆ బియ్యంలో బలం. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, ఆవిరిమీద మెత్తబరచి, యంత్రంలో గింజ ఆకారంలో ఒత్తి ఆరబెడతారు. ఇలాంటివి ఒక కిలోను నూరు కిలోల మామూలు బియ్యంలో కలుపుతారు. అంటే మీ కిలోలో సుమారు పది గ్రాములు. ఒత్తి చేసినవి కాబట్టి కొంచెం మందంగా, పసుపుచాయగా ఉంటాయి. లోపల గాలి ఉండటంతో కొన్ని నీళ్లలో తేలుతాయి.

అనుమానం తీరాలంటే నాలుగు గింజలు గంటసేపు నానబెట్టి వేళ్లతో నలపండి, పిండైపోతాయి. ప్లాస్టిక్ నలగదు. నిప్పుమీద పెడితే ఇవి బియ్యంలాగే మాడి బొగ్గవుతాయి. ప్లాస్టిక్ కరిగి బొట్టు కారుతుంది.

ఇలా కలిపిన కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మి.గ్రా. ఇనుము ఉండాలని ప్రమాణం. రోజుకు 150 గ్రాముల బియ్యం తినేవారికి నాలుగు నుంచి ఆరు మి.గ్రా. అందుతుంది. అది ఆసరాయే, మందు కాదు. ఇప్పటికే రక్తం తక్కువైనవారికి మాత్రలు కావాల్సిందే. ఒకటి రెండుసార్లు మెల్లగా కడగండి, తేలిన గింజలు నీళ్లతో పోకుండా చెయ్యి అడ్డం పెట్టండి, సరిపడా నీళ్లు పోసి గంజి వార్చకుండా వండండి. ఇంట్లో తలసీమియాతో తరచూ రక్తం ఎక్కించుకునేవారుంటే మాత్రం వారి డాక్టరును అడిగి పెట్టండి.

ప్రశ్న: షుగర్ ఉన్నవాళ్లు జొన్న రొట్టె ఎంతైనా తినొచ్చంటారు. మా నాన్న రాత్రి నాలుగు తింటున్నారు.
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ఎంతైనా కాదు. 50 గ్రాముల పిండితో చేసిన ఒక రొట్టెలో పిండిపదార్థం 30 గ్రాములకు పైనే. నాలుగంటే మూడు కప్పుల అన్నంతో సమానం. పీచు ఎక్కువ కాబట్టి చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది, కానీ ఎక్కుతుంది. రెండు రొట్టెలు, వాటితో పాటు కంచంలో సగం భాగం కూర, ఒక కప్పు పప్పు లేదా రెండు గుడ్లు సరిపోతాయి. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూస్తే ఆయనకు ఎన్ని రొట్టెలు పడతాయో మీకే తెలుస్తుంది. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడుతుంటే రొట్టెలు తగ్గించే ముందు డాక్టరుకు చెప్పండి. మోతాదు అలాగే ఉంచి తిండి ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు.

ఈ సందర్భంలో ఒకటి గుర్తుచేయాలి. దక్కన్‌లో జొన్నే ఆధారంగా బతికిన పేదల్లో ఒకప్పుడు పెల్లగ్రా ఉండేది. ఎండ తగిలే మెడ, ముంజేతుల మీద చర్మం నల్లబడి పొలుసులూడే జబ్బది. హైదరాబాదులో పనిచేసిన శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంటియా 1960లో దీనికి జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లంతో (ప్రోటీన్‌లో ఒక భాగం) సంబంధం ఉందని ప్రతిపాదించారు. లోపం జొన్నది కాదు. పక్కన పప్పు, పాలు, కూర లేకుండా ఒక్క ధాన్యమే తినాల్సి రావడం వల్ల వచ్చింది.

ప్రశ్న: మా ఆయనకు బీపీ. కూరల్లో ఉప్పు బాగా తగ్గించాను. అయినా 150 కంటే దిగడం లేదు. సైంధవ లవణం వాడితే మంచిదా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కూరలోది మీకు కనిపించే ఉప్పు. ఒక చెంచా ఆవకాయలో సుమారు ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ఉప్పుంటుంది. మనిషికి రోజంతటికీ ఐదు గ్రాములు దాటొద్దు. రెండు పూటలా తొక్కు, పక్కన అప్పడం, చల్ల మిరపకాయ, సాయంత్రం మిక్చర్ ఉంటే కూర చప్పగా వండి ప్రయోజనం లేదు.

ఇంటి ఉప్పు లెక్క చూడటానికి ఒక దారి ఉంది. ప్యాకెట్ తెరిచిన తేదీ దానిమీదే రాయండి. నలుగురికి రోజుకు ఐదు గ్రాముల చొప్పున నెలకు 600 గ్రాములు. మీ ఇంట్లో కిలో ప్యాకెట్ నెలలోపే అయిపోతుంటే మనిషికి ఎనిమిది గ్రాములు పైబడి పోతోందన్నమాట. వేసవిలో పచ్చళ్లకు పోసిన కల్లుప్పు, బయటి తిండి ఇందులో లేనే లేవు. కొన్న ప్యాకెట్ల మీద సోడియం మిల్లీగ్రాముల్లో రాస్తారు. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది: 400 మి.గ్రా. సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు.

సైంధవ లవణమూ సోడియమే, బీపీకి తేడా ఏమీ రాదు. పైగా అయోడిన్ కలపని రకమైతే ఇంటిల్లిపాదికీ అయోడిన్ తగ్గుతుంది. సోడియం తగ్గించిన ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవారికి, కొన్ని బీపీ మాత్రలు వాడేవారికి అది ప్రమాదం కావచ్చు, అడగకుండా కొనకండి. పచ్చడి పూర్తిగా మానలేకపోతే వారానికి రెండుసార్లు, ఆ పూట కూరలో ఉప్పు లేకుండా తినమనండి. చింతపండు, నిమ్మ, వేయించిన జీలకర్ర పొడి చప్పదనాన్ని కప్పుతాయి. మూడు నాలుగు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. 150 దగ్గరే నిలిచి ఉంటే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: పాపకు ఏడో నెల. రోజుకు మూడుసార్లు సీసాతో రాగి జావ పడుతున్నాం. కడుపు నిండా తాగుతుంది, బరువు మాత్రం పెరగడం లేదు.
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: నిండుతున్నది నీళ్లతో. ఏడు కిలోల బిడ్డ కడుపులో ఒకసారికి 200 మిల్లీలీటర్లకు మించి పట్టదు. సీసాలో దిగేంత పలుచటి జావలో పిండి ఒకటి రెండు చెంచాలే ఉంటుంది. సీసా పక్కన పెట్టండి, దాన్ని శుభ్రంగా ఉంచడమూ కష్టమే, విరేచనాలు పట్టుకుంటాయి. చెంచా వంచినా జారిపోనంత చిక్కగా వండి గిన్నెలో పెట్టండి.

చిక్కగా వండితే మింగలేదనుకుంటే మొలకల పిండి వాడండి. రాగులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి ఒకటి రెండు రోజులు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టించాలి. మాడేలా వేయిస్తే జావను జారుగా చేసే ఎంజైము చచ్చిపోతుంది. మామూలు పిండితో ముద్దగా వండి దించాక, కాస్త వేడి తగ్గగానే అర చెంచా ఈ పిండి కలిపి తిప్పితే నీళ్లు పోయకుండానే జారుగా అవుతుంది. మళ్లీ ఒక్క పొంగు రానిచ్చి చల్లార్చి పెట్టండి. ప్రతిసారీ ఒక చెంచా నెయ్యి, రెండు చెంచాల మెత్తటి పెసరపప్పు చేర్చండి. రోజుకొక పూట ఉడికించిన గుడ్డు పచ్చసొన కూడా.

ఈ వయసులో రోజుకు రెండు మూడుసార్లు, రెండు మూడు పెద్ద చెంచాలతో మొదలుపెట్టి సగం కప్పు దాకా పెంచుకుంటూ పోవాలి. తల్లిపాలు ఎప్పటిలాగే. ఉప్పు, చక్కెర వద్దు. ఏడాది నిండేదాకా తేనె అసలే వద్దు. అంగన్‌వాడీలో నెలకు ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం పిండి పాపకే ఉంచండి, ఇంట్లో అందరూ లడ్డూలు చేసుకుంటే వారంలో అయిపోతుంది. నెలకోసారి అక్కడే తూకం వేయించి పెరుగుదల కార్డులో చుక్క పెట్టించండి. వరుసగా రెండు నెలలు గీత పైకి వెళ్లకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.